ఎర్ర సుట్టబట్ట, ఓపెన్ లైసెన్స్

ప్రచురణ విభాగంలో పనిచేశానంటే మా చుట్టాలు ఇప్పటికీ నేను అచ్చు మిషన్ పక్కన నిలబడి ఉండేదాన్ననుకుంటారు. "పెండ్లి పత్రికలు గూడ కొడ్తరా?" అని అడిగినవాళ్లూ ఉన్నారు. నేను చేసింది అనుమతుల పని. ప్రభుత్వ సొమ్ముతో నడిచే ఒక పరిశోధన సంస్థకు వనపర్తిలో చిన్న ప్రచురణ విభాగం ఉండేది. అక్కడ ఏ పుస్తకాన్ని ఎవరు చదవచ్చు, ఎవరు తిరిగి వాడుకోవచ్చు, ఎవరి పేరు ఎక్కడ ఉండాలి అన్నది నేను చూసేదాన్ని. వినడానికి ఉప్పూ కారం లేని పనిలా ఉంటుంది. నిజానికి చాలా రోజులు అలాగే ఉంటుంది కూడా. కానీ మధ్యలో కొన్ని రోజులు వస్తాయి, వాటికి ఎవరూ శిక్షణ ఇవ్వరు. నా కుర్చీలోకి కొత్తగా వచ్చినవాళ్ల కోసం ఆ రోజుల గురించి రాస్తున్నాను.

సొమ్ము ఎవరిది

మాది పెద్దమందడి దగ్గర పల్లె. ఒకసారి సెలవుకు ఇంటికి వెళ్తే మా పెద్దన్న చేను గట్టు మీదే నన్ను నిలదీశాడు. "మన చెల్కల మట్టి సంచులల్ల నింపుకొని పోయిండ్రు మీ సార్లు. పుస్తకం గూడ రాసిండ్రంట. అండ్ల ఏమున్నదో మాకు జెప్పరా?"

ఆ పుస్తకం నిజంగానే ఉంది. పరిశోధనకు డబ్బు ప్రభుత్వానిది, సార్ల జీతం ప్రభుత్వానిది, మట్టి మా అన్నది. హక్కులు మాత్రం మొత్తంగా ఒక పెద్ద ప్రచురణకర్తకు రాసిచ్చేశారు. ధర చూసి మా లైబ్రరీ వాళ్లే నోరు వెళ్లబెట్టారు. రాసిన సారు తనకొచ్చిన ఒకే ఒక్క కాపీని బీరువాలో పెట్టి తాళం వేసుకున్నాడు. మా అన్నకు నేనేం చెప్పను? నవ్వి మాట మార్చాను గానీ లోపల మండిపోయింది.

కొన్నేళ్లకు నిబంధన మారింది. ప్రజల డబ్బుతో జరిగిన పరిశోధన పుస్తకమైతే, అచ్చయిన ఏడాది లోపల దాన్ని ఇంటర్నెట్‌లో అందరికీ ఉచితంగా పెట్టాలి. దాని మీద ఓపెన్ లైసెన్స్ ఉండాలి. అంటే ఎవరైనా చదవచ్చు, కాపీ తీసుకోవచ్చు, ఇంకో భాషలోకి మార్చుకోవచ్చు, కావాలంటే అచ్చేసి అమ్ముకోవచ్చు కూడా. షరతు ఒక్కటే: అది ఎవరిదో పేరు చెప్పాలి. ఆ ఉత్తర్వు వచ్చిన రోజు నేను ఆఫీసులో అందరికీ వేడివేడి మిర్చీలు తెప్పించాను. ఆ నిబంధన మీద నాకు ఇప్పటికీ ప్రేమ ఉంది. ఈ మాట ముందే చెప్పడం మంచిది, లేకపోతే ఇకమీద చెప్పేది విని నన్ను దాని శత్రువుననుకుంటారు.

ఇచ్చాక వెనక్కి రాదు

ఒక ప్రొఫెసర్ గారు చెరువుల చరిత్ర మీద పుస్తకం రాశారు. ఓపెన్ లైసెన్స్ కాగితం ముందు పెడితే టీ తాగుతూ, మాట్లాడుతూ, చూడకుండా సంతకం చేశారు. "సర్, ఒక్కసారి చదవండి" అన్నాను. "మీరున్నరు గద మేడం" అన్నారు. ఆ మాటకు పొంగిపోకండి, అది నమ్మకం కాదు, బద్ధకం.

కొన్ని నెలల తర్వాత అదే సారు ఒక గైడు చేత్తో పట్టుకుని ఊగిపోతూ వచ్చారు. నాగర్‌కర్నూల్‌లో పోటీ పరీక్షల కోచింగ్ నడిపే ఒకాయన ఆ పుస్తకంలో సగం గైడులో వేసి, అట్ట మీద తన ఫొటో పెట్టుకుని అమ్ముతున్నాడు.

"గిది దొంగతనం గాదా మేడం?"

"మీ పేరు వేసిండా సర్?"

"వేసిండు. లోపల, చీమ తలకాయంత."

"అయితే తప్పు లేదు సర్. మీరే ఇచ్చిండ్రు."

"ఇప్పుడు నాకు ఇష్టం లేదు. వాపస్ తీస్కుంట."

"అది కుదరదు సర్. ఒక్కసారి ఇస్తే ఇచ్చినట్టే."

ఆయన నాతో చాలాకాలం మాట్లాడలేదు. ఆ కోచింగాయన మీద నాకు గౌరవమేమీ లేదు గానీ, ఆ గైడు వల్ల మన చెరువుల సంగతి వందల మంది పిల్లల చేతుల్లోకి వెళ్లిందన్నది నిజం. ప్రొఫెసర్ గారి పుస్తకం మామూలుగా అచ్చయి ఉంటే చెదలు చదివేవి. మీరు ఈ పనిలో ఉన్నంతకాలం ఈ రెండూ కలిపి మోయాలి. రచయిత సంతకం పెట్టే ముందు, వెనక్కి రాదు అన్న ఒక్క ముక్కను మాత్రం మీ నోటితో చెప్పండి. టీ చల్లారినా ఫర్వాలేదు.

గుంపు గుర్తు

పద్మజ మా సంస్థలో పరిశోధకురాలు, హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన పిల్ల. డ్యాములు కట్టడానికి, కాల్వలు తవ్వడానికి మన వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ జిల్లాల నుంచి దూర రాష్ట్రాలకు వెళ్లిన వలస కూలీలను కలిసి, వాళ్ల మాటలు రికార్డు చేసి పుస్తకం రాసింది. నేను ఎన్నో రాతప్రతులు ఆవలిస్తూ చదివాను గానీ, దీన్ని చదువుతూ బస్సులో దిగాల్సిన చోటు దాటిపోయాను. పుస్తకం అచ్చయింది, నాలుగైదు లైబ్రరీలకు వెళ్లింది, మిగిలింది మా గోదాములో కూర్చుంది. ఏడాది నిండబోతుండగా ఓపెన్ లైసెన్స్‌తో ఇంటర్నెట్‌లో పెట్టే పని నా బల్ల మీదికి వచ్చింది.

అందులో ఒక అధ్యాయంలో ఒకామె తన భర్త చావు గురించి చెప్పింది. కాల్వ తవ్వుతుంటే మట్టి పెళ్ల విరిగి మీద పడి అతను పోయాడు. కూలీల గుంపును పనికి తెచ్చిన మేస్త్రి పని ఆపనివ్వలేదు, పొద్దుగూకే దాకా శవం గట్టు మీదే ఉంది. పద్మజ జాగ్రత్తగానే రాసింది. చెప్పినామె పేరు లేదు, ఊరి పేరు లేదు, మేస్త్రి పేరు లేదు. పేర్లు తీసేస్తే మనుషులు దాగిపోతారని ఆమె నమ్మకం. మా డైరెక్టర్ గారిదీ అదే నమ్మకం.

అయితే అధ్యాయం మొదట్లో ఒక మాట ఉంది: "మా గుంపోళ్లందరికి ఎర్ర సుట్టబట్టలు." సుట్టబట్ట అంటే మట్టి తట్ట కింద తల మీద చుట్టగా పెట్టుకునే గుడ్డ. పెద్ద డ్యాము దగ్గర ఎన్నో గుంపులు పనిచేస్తాయి. తన మనుషులెవరో దూరం నుంచి కనపడాలని ఒక మేస్త్రి అందరికీ ఎర్రవి ఇచ్చేవాడు. గద్వాల నుంచి అమరచింత దాకా ఎర్ర సుట్టబట్టల గుంపు అంటే ఎవరిదో చంటిపిల్లలు కూడా చెప్తారు. హైదరాబాద్‌లో చదివేవాళ్లకు అది ఒక రంగు, మాకు అది ఇంటిపేరుతో సహా ఒక మనిషి.

పద్మజను పిలిచాను. "ఈ మేస్త్రి పేరు నేను చెప్పనా?"

నవ్వింది. చెప్పాను. నవ్వు పోయింది.

"కానీ మేడం, ఏడాది నుంచి ఎవరూ ఏమీ అనలేదు కదా?"

"ఏడాది నుంచి ఎవరూ చదవలేదు పద్మజా."

మా పనిలో నేను నేర్చుకున్న పెద్ద సంగతి ఇదే. గోదాములో పడి ఉన్న పుస్తకం తెలియకుండానే కొందరిని కాపాడుతుంది. దాన్ని అందరికీ తెరిస్తే మొదట చదివేది ఢిల్లీ వాళ్లు కాదు, పక్కింటివాళ్లు. చెప్పినామెను మళ్లీ అడగాల్సిందేనని డైరెక్టర్ గారికి చెప్పాను. "వేలిముద్ర వేసింది గద, ఇంకేంది?" అన్నారు. ఆమె వేలిముద్ర వేసింది ఒక పుస్తకానికి. ఊరందరి ఫోన్లకు కాదు.

అమరచింతలో

ఆమె పేరు మరియమ్మ. మేం వెళ్లేసరికి అరుగు మీద పల్లికాయ ఒలుస్తోంది. పద్మజను చూసి మొహం ఇంత చేసుకుంది. "మల్ల వచ్చినవా బిడ్డా! గీ మేడం ఎవరు?" నాది పెద్దమందడి అని చెప్పేసరికి చాప జరిపి చోటిచ్చింది, చేట కూడా నా వైపు తోసింది. ముగ్గురం ఒలుస్తూ మాట్లాడుకున్నాం.

వచ్చిన పని చెప్పాను.

"అంటె ఎవరన్న చదువొచ్చునా?"

"ఫోన్ ఉన్నోళ్లెవరైనా."

"చదువు రానోళ్లు?"

"ఇప్పుడు ఫోనే చదివి ఇనిపిస్తది అక్కా."

"వద్దనుకుంటె తీస్తరా?"

"ఇడిసినంక మల్ల పట్టుకరాలేం. అందుకే ముందుగాల అడగనీకి వచ్చినం."

మరియమ్మ ఒలవడం ఆపి చెప్పింది. "మేస్త్రి మంచాన పడ్డడు. పని అంత కొడుకు జూస్తుండు. నా కొడుకు రత్నం గాయన తాననే జేసీబీ నడుపుతుండు."

పద్మజ నా వైపు చూసింది. ఈ సంగతి మా ఇద్దరికీ తెలియదు.

"రత్నంకు తెలుసా అక్కా, నాయిన ఎట్ల పోయిండో?"

"జరమొచ్చి సచ్చిండని చెప్పిన. వాడు అప్పుడు చంకల ఉన్నడు. మల్ల గదే గుంపుల పోయిన నేను. ఎటు పోవాలె? వాడు ఆ మేస్త్రి తిండి తినుకుంట పెరిగిండు. ఏమని చెప్పాలె వానికి?"

నా దగ్గర సులువైన మందు ఉందనుకున్నాను. "ఒక్క పని చేస్తం. ఎర్ర సుట్టబట్టల మాట ఒక్కటి తీసేస్తం. ఇగ ఎవ్వరిదో ఎవ్వరికి తెల్వదు. నీ కొడుకు పనికి ఏం గాదు."

మరియమ్మ నన్ను తేరిపార చూసింది. కోపంగా కాదు, ఈమెకు ఎట్లా చెప్పాలా అన్నట్టు.

"అవి తీస్తే ఇంకేముంటది మేడం? ఆయన మీద కప్పింది అవే గద."

పుస్తకంలో శవం మీద "బట్ట కప్పారు" అని మాత్రమే ఉంది. నిడివి తగ్గించేటప్పుడు పద్మజ అక్కడ కుదించింది. అసలు జరిగింది ఆ అరుగు మీద విన్నాను.

"మట్టిలకెల్లి తీసి గట్టు మీద పండవెట్టిండ్రు. మొకం మీద ఎండ. మేస్త్రి పని ఆపొద్దన్నడు. ఎవ్వరికి ఎదురు మాట్లాడే ధైర్యం లేదు. మా ఆడోళ్లు తట్ట ఎత్తుకొని పోయేటప్పుడు ఒక్కొక్కలు నెత్తి మీది సుట్టబట్ట ఇప్పి ఆయన మీద ఏసి పోయిండ్రు. ఒక్క మాట అనలే. పొద్దుగూకేదాంక ఉత్త నెత్తి మీదనే మట్టి మోసిండ్రు."

ఎదురు మాట్లాడలేనివాళ్లు చేసిన ఆ పనిని, ఒక మనిషిని కాపాడుతున్నాననుకుంటూ, నేను తుడిచేయబోయాను. ఇంకో దారి కూడా ఉందని చెప్పాను: నిబంధన ప్రకారం ఈ ఒక్క అధ్యాయాన్ని లైసెన్స్ బయట ఉంచొచ్చు, అచ్చు పుస్తకంలోనే మిగిలిపోతుంది. మరియమ్మ చేటలోని పొట్టు ఊది అంది, "జర ఆగుండ్రి. తియ్యకుండ్రి, పెట్టకుండ్రి. ఫోన్ చెప్పకముందు వానికి నేను చెప్పాలె."

"ఎన్ని దినాలు అక్కా?"

"నాకేం ఎరుక? నోరు రావాలె గద."

నోరు వచ్చేదాకా

ప్రభుత్వ గడువులకు ఒకామెకు నోరు రావడమనే లెక్క తెలియదు. ఆ గడువు దాటితే తర్వాతి పుస్తకాల గ్రాంటు ఆగుతుంది. డైరెక్టర్ గారు ఒంటికాలి మీద లేచారు. ఆయన చెడ్డవాడేం కాదు, ఆయన మీద ఆయన పైవాళ్లు ఉన్నారు. నిబంధన మళ్లీ మొదటి నుంచి చదివాను. చివర్లో, ఎవరూ చూడని చోట, చెప్పినవాళ్లకు హాని జరిగే అవకాశం ఉంటే గడువు పెంచమని అడగవచ్చు అని ఉంది. ఆ వాక్యం కింద గీత గీసి ఆయన ముందు పెట్టాను.

"అంత పెద్ద నిబంధనల మీకు గిదొక్కటే కనపడ్డదా మేడం?"

"నాకు జీతం ఇచ్చేది దీనికే సర్."

సంతకం పెట్టారు, పెన్ను బల్ల మీద విసిరారు. పెన్ను విసిరితే విసరనివ్వండి, సంతకం ఉందా లేదా అన్నది చూసుకోండి. మీ పై అధికారి పరేషాన్‌లో ఉన్నప్పుడు నీతి పాఠం చెప్పకండి, ఆయన పట్టుకుని నిలబడగలిగే వాక్యం ఒకటి వెతికి ఇవ్వండి. ఎక్కువమంది పట్టుకోవడానికి ఏదీ లేకనే తప్పు చేస్తారు.

పద్మజ మాత్రం చాలా నలిగింది. ఆ పుస్తకం అందరికీ అందితే తప్ప ఆమె ఉద్యోగం ఖాయం కాదు. అయినా మరియమ్మను తొందరపెడదామని ఒక్కసారి కూడా అనలేదు. ఆ పిల్ల మీద నాకు గౌరవం కలిగింది అప్పుడే.

రత్నం

వానలు పడి మట్టి పనులు ఆగిన రోజుల్లో ఒక మధ్యాహ్నం రత్నం మా ఆఫీసుకు వచ్చాడు. భారీ మనిషి, కుర్చీ అంచు మీద కూర్చున్నాడు.

"అమ్మ చెప్పింది," అన్నాడు. "గా పాఠం జూపిస్తరా మేడం?"

కంప్యూటర్ అతని వైపు తిప్పాను. తెర మీద వేలు ఆనించి నెమ్మదిగా చదివాడు. "బట్ట కప్పారు" దగ్గర వేలు ఆగింది.

"గిది సక్కగ లేదు మేడం. ఏం బట్టనో రాయలె. ఎవరేసిండ్రో రాయలె."

"రాస్తే ఊరందరికి తెలుస్తది రత్నం. నీ పని ఉన్నది."

"ఆ పని ఇడిసిపెట్టిన."

తనే మానాడో, వాళ్లే పొమ్మన్నారో చెప్పలేదు, నేను అడగలేదు. మనం చేసే పనికి మూల్యం మనం కట్టం, ఇంకెవరో కడతారు. ఈ మాట మరిచిపోయినవాళ్లు ఈ కుర్చీలో కూర్చోకూడదు.

"మా అమ్మ పేరేది?" అన్నాడు మళ్లీ.

"ఆమెకు ఇబ్బంది గావొద్దని పెట్టలే."

"చెప్పినామె లేకుంటె ఎవరు నమ్ముతరు?"

కొడుకు మాటతో తల్లి పేరు పెట్టేయడం కుదరదు. అతని ముందే మరియమ్మకు ఫోన్ చేసి అడిగాను.

"పెట్టుండ్రి. నాదే గద," అంది.

"మేస్త్రి పేరు?"

"ఆయన పేరు నాకెందుకు? సుట్టబట్టలున్నయి గద. అవే చెప్తయి."

పద్మజ పాత రికార్డింగ్ తీసి, తను కుదించినదంతా మరియమ్మ మాటల్లోనే తిరిగి రాసింది. ఓపెన్ లైసెన్స్‌లో, ఎవరు వాడుకున్నా తప్పకుండా చెప్పాల్సిన పేర్లు ఏవో మనమే రాయొచ్చు. మామూలుగా రచయిత పేరు ఒక్కటే ఉంటుంది. ఇక్కడ "చెప్పినవారు: మరియమ్మ, అమరచింత" అన్నది ముందు వేశాం, దాని తర్వాత పద్మజ పేరు. ఆ వరుస పద్మజ అడిగిందే. పుస్తకం అందరికీ తెరిచాం.

గుడ్డలిచ్చినోళ్లు

ఒక వారం గడిచాక మరియమ్మ ఫోన్ చేసింది. రత్నం చదివి వినిపించాడట. మంచిగుంది అంటుందేమో అనుకుంటూ ఎత్తాను.

"నా పేరొక్కటే ఏసిండ్రేంది మేడం? గుడ్డలిచ్చినోళ్ల పేర్లేవి?"

అన్ని నిబంధనలు చదివినదాన్ని, ఎవరి పేరు ఎక్కడుండాలో చూడడమే ఉద్యోగంగా బతికినదాన్ని, ఆ ప్రశ్న నాకు తట్టనేలేదు.

"చెప్పు అక్కా, రాసుకుంట."

చెప్తూ పోయింది. సాయమ్మ, చెన్నమ్మ, బాలకిష్టమ్మ, ఎంకటమ్మ. అప్పటికే ఆమె రత్నం బండి మీద తిరిగి, బతికున్నవాళ్లను స్వయంగా, పోయినవాళ్ల పిల్లలను ఇళ్లకు వెళ్లి అడిగి వచ్చింది. ఇంకొకామె వద్దంది. "ఆమెది ఏయకుండ్రి, ఆమె ఇష్టం," అంది మరియమ్మ. ఏళ్ల తరబడి నేను కొత్తవాళ్లకు నేర్పుతూ వచ్చిన పని అదే.

అయినా ఫోన్ పెట్టలేదు.

"ఇంకొకామె ఉన్నది. గద్వాల దిక్కుకెల్లి వచ్చింది, కన్నడం మాట్లాడేది. అందరికన్న ముందుగాల గుడ్డ ఇప్పింది ఆమెనే. ఆమెను జూసే మిగిలినోళ్లు ఇప్పిండ్రు. పేరు తెల్వదు మేడం. ఎంత యాది జేసుకున్నా వస్తలేదు."

ఏడుస్తోందని గొంతులో తెలిసింది.

"పేరు తెల్వకుంటె రాయరాదా?"

"రాయొచ్చు అక్కా," అన్నాను.

నా సర్వీసులో ఆఖరి పని అదే. పేర్ల వరుస సరిచేసి కొత్త ప్రతిని పెట్టి, పాతది చూసినవాళ్లకు ఇది కనపడేలా చేసి, బల్ల సర్దుకుని ఇంటికి వచ్చాను.

మొన్న కల్వకుర్తి నుంచి రత్నం ఫోన్ చేశాడు. ఇప్పుడు అక్కడ టిప్పర్ నడుపుతున్నాడు. బస్టాండులో ఒక గైడు కొన్నాడట, నాగర్‌కర్నూల్ కోచింగాయనదే, అట్ట మీద అదే ఫొటో. అందులో వాళ్లమ్మ చెప్పిన పాఠం మొత్తం ఉంది. కింద ఉన్నది చదివి వినిపించమన్నాను. అక్షరాలు చీమ తలకాయంత ఉన్నాయని తిట్టుకుంటూ, ఒక్కొక్క పేరు చదివాడు. చెప్పినవారు మరియమ్మ. గుడ్డలిచ్చినవారు సాయమ్మ, చెన్నమ్మ, బాలకిష్టమ్మ, ఎంకటమ్మ. వాళ్లందరికంటే ముందు, పేరు తెలియని గద్వాల ఆమె.